అత్తగారి కవరు, సేటుగారి కంప్యూటరు

పోయిన నెలలో ఒక రోజు డాబా మీద కందిపప్పు ఎండబోసుకుంటూ ఉంటే ఫోను మోగింది. చేసింది బేగంబజార్‌లో స్టీలు, ఇత్తడి సామాన్ల హోల్‌సేల్ దుకాణం సేటుగారి మనవరాలు. సేటుగారు పోయి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు దుకాణం ఆ అమ్మాయే చూసుకుంటోంది. పగ్గాలు చేతికి రాగానే గోదాములో మూలపడి ఉన్న పాత తరాజులు, తూకపు రాళ్ళు, నల్లటి టెలిఫోను, ఇలాంటివన్నీ బయటికి తీయించి, తుడిపించి, దుకాణంలో అందరికీ కనపడేట్టు వరసగా పెట్టించిందట. వాటిలో ఒక పాత కంప్యూటరు కూడా ఉందట. "ఆంటీ, అది మీ మామగారి దగ్గర మస్తు ఏండ్లు ఉండెనంట గద. దానికి కవర్ యాడ దొరుకుతది? బజార్ల దుమ్మంతా దాని మీదనే పడ్తున్నది. ఆన్‌లైన్‌ల వెతికిన, కోఠిల అడిగిన. గట్లాంటి సైజుది లేనే లేదంటున్నరు," అంది. నేను పప్పు వదిలేసి పిట్టగోడ మీద కూర్చుని కడుపారా నవ్వుకున్నాను. దాదాపు ముప్ఫయ్యేళ్ళ కిందట మా అత్తగారు కోఠిలో దుకాణం దుకాణానికీ తిరిగి అడిగిన ప్రశ్న అదే. అప్పుడూ వాళ్ళు చెప్పిన జవాబు అదే.

ఆ కంప్యూటరు సంగతి చెప్పాలంటే ముందు మా మామగారు రిటైరైన సంగతి చెప్పాలి. మావాళ్ళది కృష్ణా జిల్లా. సర్కారు ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం దొరికి, పెళ్ళయిన కొత్తలోనే మామగారు హైదరాబాదు వచ్చేశారు. ఆయనతోబాటు వచ్చినవాళ్ళంతా నగరంలోనే నది అవతల కొత్త కాలనీల్లో ఇళ్ళు కట్టుకుని వెళ్ళిపోయినా, ఆయన మాత్రం గౌలిపురలో మేడ మీది మూడు గదుల వాటా వదల్లేదు. ఆఫీసుకి దగ్గర అని మొదట్లో అనేవారట. రిటైరయ్యాక ఆ మాట చెల్లదు కనక, పాలు బాగుంటాయి అనడం మొదలుపెట్టారు. పాలు నిజంగానే బాగుండేవి. కింద వాటాలో ఉండే ఇంటి యజమానురాలికి అప్పటికింకా కొన్ని బర్రెలుండేవి. ఆవిణ్ణి మేమంతా పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. పాలు ఎంత చిక్కగా ఉండేవో, కొట్టంలోంచి లేచే గడ్డి దుమ్ము కూడా అంత చిక్కగా ఉండేది. పొద్దున్న గడ్డి దులిపితే మధ్యాహ్నానికల్లా మా మంచాల మీద, గిన్నెల మీద, ఆరేసిన బట్టల మీద పసుప్పచ్చటి పొర.

రిటైరైన మర్నాటి నుంచీ మామగారు వంటింట్లోకి రావడం మొదలుపెట్టారు. వండటానికి కాదు, చూడటానికి. గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. "ఆవాలు చిటపటలాడకుండానే మినప్పప్పు వేసేశావేం?" అనేవారు. కాసేపాగి, "మూత పెట్టాలా, అక్కర్లేదా, ఏదో ఒకటి తేల్చుకో," అనేవారు. ఇన్నేళ్ళూ పై అధికారుల ఇంగ్లీషులో తప్పులు చప్పుడు చేయకుండా దిద్దుతూ టైపు చేసిన మనిషి కదా, దిద్దే అలవాటు ఎక్కడికి పోతుంది? దిద్దడానికి మా వంటలు దొరికాయి. నేను కొత్త కోడల్ని, నోరు మెదపలేను. మా అత్తగారు మాత్రం పది రోజులకే చేతులెత్తేశారు. "ఈయన్ని ఎవరైనా పనిలో పెట్టుకోండర్రా, కావాలంటే జీతం నేనిస్తాను," అని ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. అది హాస్యానికన్నట్టే ఉండేది కానీ, గుమ్మంలో ఆ మనిషి నీడ పడగానే ఆవిడ చేతిలో గరిటె బిగుసుకోవడం నేను చూసేదాన్ని. ఆయనకీ ఏమంత సుఖంగా లేదు. మధ్యాహ్నాలు కిటికీ దగ్గర కూర్చుని ఊచల మీద వేళ్ళతో టైపు కొడుతూ ఉండేవారు.

ఆవిడ మొర ఆలకించింది సేటుగారే. ఆయన దుకాణానికి కావలసిన ఇంగ్లీషు ఉత్తరాలన్నీ మామగారే రాసిపెట్టేవారు, అలా కలిసిన స్నేహం. ఆ రోజుల్లో దుకాణంలోకి కొత్త కంప్యూటరొకటి వచ్చింది. అంతకుముందు బొంబాయి నుంచి తెప్పించినది గోదాములో ఇత్తడి బిందెల వెనక్కి వెళ్ళిపోయింది. "సారూ, ఇది గిట్ల పడున్నది. పిల్లలు ముట్టుకుంటలేరు. మీ చేతికైతే పనికొస్తది, తీసుకపోన్రి. ఫికర్ చెయ్యకున్రి, మీకు మనసున్నన్ని రోజులు పెట్టుకోన్రి," అన్నారు సేటుగారు. మామగారు దాన్ని రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. ఇప్పటి పిల్లలకు నవ్వొస్తుంది కానీ అప్పట్లో దాన్ని ఎక్కడికైనా పట్టుకెళ్ళగలిగే కంప్యూటరు అనేవారు. పట్టుకెళ్ళడానికి పైన పిడి కూడా ఉంది. మెట్లెక్కేసరికి మామగారి భుజం జారిపోయినంత పనయింది. గోధుమరంగు పెట్టె, మూత, పిడి చూసి అత్తగారు, "కుట్టుమిషను మనకుందిగా, మళ్ళీ ఇంకోటి ఎందుకండీ?" అన్నారు. మామగారు గడియలు తీశారు. మూత ఊడి చేతిలోకొచ్చింది, ఆ మూత లోపలివైపు అక్షరాల మీటలు. దానికీ పెట్టెకీ మధ్య టెలిఫోను తీగలాంటి మెలికల తీగ. పెట్టె ముఖాన పోస్టుకార్డంత తెర, పక్కన పలకల్లాంటి ఫ్లాపీలు దూర్చడానికి రెండు సందులు. మీట నొక్కితే లోపల ఫ్యాను గుర్రుమంది, తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి వెలిగి ఆరుతూ నిలబడింది. ఆ గీతను చూస్తున్న మామగారి మొహం నాకింకా గుర్తుంది. తప్పిపోయిన పిల్లాడు ఇంటికొచ్చినట్టు చూశారు.

అంతే, ఆ రోజుతో వంటిల్లు మాదైంది. వీధిలో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా మామగారి దగ్గరికే వచ్చేవారు. కరెంటు మీటరు తప్పు తిరుగుతోందని ఒకరు, రేషన్ కార్డులో పేరు ఎక్కించాలని ఒకరు, కుళాయిలో నీళ్ళు రావడం లేదని ఇంకొకరు. ఆయన వాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ళ కోపాలన్నీ విని, వాటిని మర్యాదైన ఇంగ్లీషులోకి మార్చి టైపు చేసేవారు. తరవాత ఫ్లాపీని చొక్కా జేబులో పెట్టుకుని బేగంబజార్‌కి నడిచి వెళ్ళి, సేటుగారి దుకాణంలో కాగితం మీద అచ్చు తీసుకుని, ఇన్ని టీ నీళ్ళు తాగి, నాలుగు కబుర్లాడి వచ్చేవారు. మనిషి ఒళ్ళు చేశారు. ఒకసారి నేను వండిన గుత్తివంకాయ తిని బాగుందన్నారు. ఆశ్చర్యపోయి అత్తగారూ నేనూ ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

నెలలు గడిచాక ఒకరోజు కంప్యూటరు ఫ్లాపీని చదవనంది. లోపల కీచుకీచుమని చప్పుడు, తెర మీద ఏదో తప్పని రాత. అఫ్జల్‌గంజ్‌లో రేడియోలు, టీవీలు బాగుచేసే భాయ్‌ని పిలుచుకొచ్చారు. అతను మరలు విప్పి, బ్రష్షుతో దులిపి, లోపల్నుంచి చారెడు గడ్డి దుమ్ము తీసి పాతపేపరు మీద పోశాడు. "సాబ్, ఇది కంప్యూటరా, కొట్టమా? ఇస్ బార్ తో చల్ గయా. ఇంకోపారి గిట్ల దుమ్ము పోతే నా చేతిల ఏం లేదు. దీని సామాన్ యాడ దొరకదు ఇప్పుడు," అన్నాడు. అతను వెళ్ళాక మామగారు ఆ పేపరు ముందు చాలాసేపు కూర్చున్నారు. అత్తగారు మాత్రం ఆయన్ని చూడలేదు, వంటింటి గుమ్మం వైపు చూశారు. తరవాత నా చెవిలో, "టేపెక్కడుందే?" అన్నారు.

ఇక్కడ మా అత్తగారి కవర్ల గురించి చెప్పాలి. ఆ రోజుల్లో ఏ ఇంట్లో చూసినా టీవీకి కవరుండేది, ఫ్రిజ్జు పిడికి కవరుండేది, మిక్సీకి ఉండేది. మా ఇంట్లో వాటితో ఆగలేదు. గోడ గడియారానికి వానాకాలపు కవరుండేది. టీవీ రిమోటుకి పాలిథీన్ సంచి, ఆ సంచికి రబ్బరు బ్యాండు. దిండు గలీబులకి పైన ఇంకో గలీబు. పైగా ప్రతిదానికీ రెండేసి, రోజూ వాడేదొకటి, చుట్టాలొచ్చినప్పుడు తొడిగేదొకటి. గుమ్మంలో చెప్పుల చప్పుడు కాగానే అత్తగారు పాత కవర్లు లాగేసి కొత్తవి తొడుగుతూ ఇల్లంతా ఒక్క చుట్టు చుట్టేసేవారు. చుట్టాలు మెట్లెక్కి వచ్చేలోపల ఇల్లు పట్టుచీర కట్టుకుని నిలబడేది. పెద్దమ్మ పాలు తెచ్చినప్పుడల్లా ఆటపట్టించేది. "ఏంది వదినా, అన్నిటికి అంగీలు తొడుగుతున్నవ్. మా బర్రెలు సలికి వణుకుతున్నయ్, వాటికి గూడ ఒకటి కుట్టరాదు?" అనేది. "ముందు మీ బర్రెల గడ్డికి కుట్టాలి," అనేవారు అత్తగారు. ఇద్దరూ నవ్వుకునేవారు.

అలాంటి మనిషి కూడా ముందు కొన్న కవరు కోసమే చూశారు, ఎందుకంటే కంప్యూటరు గొప్ప వస్తువు, దానికి తగ్గ కవరు కంపెనీవాళ్ళే అమ్ముతుంటారని ఆవిడ నమ్మకం. నన్ను వెంటబెట్టుకుని కోఠి అంతా తిరిగారు. ఉన్న కవర్లన్నీ టీవీలాంటి తెర విడిగా, మీటల పలక విడిగా ఉండేవాటికే. మాదేమో అన్నీ ఒకే పెట్టెలో ముడుచుకున్న రకం. కొలతలు చెబితే ఒక దుకాణదారు, "హార్మోనియం కా హై క్యా అమ్మా?" అన్నాడు. కుట్టుమిషను కవరు కొనుక్కొచ్చి చూశాం, పైన గుండ్రంగా పొంగి, గర్భిణీలా కూర్చుంది. దాంతో అత్తగారికి రోషమొచ్చింది. కంప్యూటరుని బల్ల మీద నిలబెట్టి, చంటిపిల్లకి గౌను కుట్టేటప్పుడు తీసినట్టే కొలతలు తీశారు. నేను రాసుకుంటుంటే, "ఛాతీ ఇంత, నడుం ఇంత, భుజం దగ్గర పిడికి ఇంత," అని చెప్పారు. మామగారు కుర్చీలో కూర్చుని కళ్ళద్దాల మీంచి చూస్తూ, "దానికి నడుం లేదు," అన్నారు. "మీరూరుకోండి, మీకేం తెలుసు," అన్నారు అత్తగారు. రోజువారీకి మామిడిపిందెల దుప్పటితో ఒకటి, పండక్కి మెరూన్ వెల్వెట్‌తో అంచుకి కుచ్చులు వేసి ఒకటి కుట్టారు. వెల్వెట్‌ది వేసుకుంటే కంప్యూటరు పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టుండేది. పని అయిపోగానే మామగారు దుప్పటి కవరు వేసేవారు. దుమ్ము బెడద తీరిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఆ ఊపిరి ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక సాయంత్రం మామగారు పెద్దమ్మ కోసం కుళాయి అర్జీ టైపు చేస్తున్నారు. ఆవిడ ఎదురుగా కూర్చుని నీళ్ళవాళ్ళని తిడుతోంది, ఆయన ఆ తిట్లని మర్యాదగా మారుస్తున్నారు. ఇంతలో కింద సేటుగారి గొంతు వినిపించింది. ఆయనా భార్యా కూతురి పెళ్ళికి పిలవడానికి వచ్చారు. మామగారు, పెద్దమ్మ ఎదురెళ్ళి తీసుకురావడానికి మెట్లు దిగారు. అత్తగారు అలవాటు ప్రకారం ఇల్లు చుట్టడం మొదలుపెట్టారు. టీవీకి మార్చారు, ఫ్రిజ్జుకి మార్చారు, గుర్రుమంటున్న కంప్యూటరు మీద వెల్వెట్ కవరు నిండుగా దించి, కుచ్చులు సవరించారు. వాళ్ళిచ్చిన వస్తువు వాళ్ళ కళ్ళకి లక్షణంగా కనపడాలని ఆవిడ తాపత్రయం. సేటుగారు చూసి నిజంగానే మురిసిపోయారు. "క్యా బాత్ హై, మా ఇంట్ల ఉన్నప్పుడు దీనికి గోనెసంచి గూడ లేకుండె," అన్నారు. కాఫీలు అయ్యాయి, పెళ్ళి కబుర్లు సాగాయి. మామగారు కబుర్లలో పడి అర్జీ సంగతి మరిచారు. కాసేపటికి సేటుగారి భార్య ముక్కు ఎగబీల్చి, "అక్కా, పొయ్యి మీద ఏమన్న పెట్టిన్రా? మాడుతున్న వాసన వస్తుంది," అంది. అత్తగారు వంటింట్లోకి పరుగెత్తారు. పొయ్యి ఆర్పే ఉంది. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వెల్వెట్ కుచ్చుల సందుల్లోంచి సన్నగా పొగ వస్తోంది. ఫ్యాను చప్పుడు లేదు.

మామగారు కవరు తీశారు, ప్లగ్గు పీకారు. ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేదని అత్తగారు తరవాత నాతో అన్నారు. సేటుగారు "పోనీయున్రి సారూ, పాతది గద," అని నచ్చచెప్పి వెళ్ళారు. పెద్దమ్మ కిందికి పోతూ, "నా అర్జీ పోతే పోయింది. నీళ్ళు ఎట్లాగూ రావు," అని తన వంతు ఓదార్చింది. మర్నాడు పొద్దున్న నేను పోపు పెడుతున్నాను. గుమ్మంలో నీడ పడింది. "ఇంగువ ఎక్కువైనట్టుందే," అన్నారు మామగారు, మెల్లిగా, బొత్తిగా ఉత్సాహం లేకుండా. తప్పు పట్టడంలో కూడా ఆయనకి సరదా పోయింది. అత్తగారు చేతిలో పని వదిలేసి వెనక వసారాలోకి వెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంటున్నారు. "దుమ్ము నుంచి కాపాడాలనే కదే కప్పాను," అన్నారు. నేను పక్కనే నిలబడ్డాను.

అఫ్జల్‌గంజ్ భాయ్ వచ్చి, విప్పి, ముక్కుతో వాసన చూసి, నవ్వాడు. వేడికి లోపల ఒక ఫ్యూజు పోయింది, చుట్టుపక్కల రెండు తీగలు కమిలాయి, అంతే. "అమ్మా, ఇది గూడ సాంస్ తీసుకుంటది. ముక్కు నోరు మూసి ముచ్చట్లు పెడ్తే ఎట్ల?" అన్నాడు. సాయంత్రానికి ఆకుపచ్చ గీత మళ్ళీ వెలిగింది. మామగారు కుర్చీ ముందుకు జరుపుకుని మొట్టమొదట టైపు చేసింది పెద్దమ్మ కుళాయి అర్జీయే. వెనక నుంచి చూస్తున్న అత్తగారు, మామిడిపిందెల కవరునీ వెల్వెట్ కవరునీ మడతపెట్టి ట్రంకు పెట్టెలో పడేశారు. ఆవిడ తీరు తెలిసిన మాకు అది దేవుడి పటం తీసి దాచినంత పని.

మూడో కవరు కుట్టడానికి వారం పట్టింది. అఫ్జల్‌గంజ్‌లో స్కూటరు సీట్లు కుట్టేవాళ్ళ దగ్గర ముదురు నీలం రెగ్జిన్ తెప్పించారు. లోపలికి మామగారి పాత పంచె, మధ్యలో పుస్తకాల అట్టలు, అంచులకి ఎర్రటి పట్టీ. చేతిమిషను మీద రెగ్జిన్ నడవక సూదులు విరుగుతుంటే, మందపాటి చోట్ల చేత్తో కుట్టారు. అన్నిటికన్నా ముఖ్యమైనది దాని వెనక పెట్టిన జేబు. గుండీతో, మూతతో, చొక్కా జేబంత బుద్ధిగా ఉండేది. ఆ జేబు కరెంటు వైరుకి. గోడలోంచి ప్లగ్గు పీకి, పెట్టెలోంచి రెండో కొస లాగి, వైరంతా చుట్టి ఆ జేబులో పెట్టి గుండీ పెట్టాలి. ఆ తరవాతే కవరు ముట్టుకోవాలి. "జేబు నిండితేనే కవరు," అన్నారు అత్తగారు. అది మా ఇంట్లో చట్టమైంది. చుట్టాలు రానీ, పెళ్ళిళ్ళు రానీ, ఇంక ఆ కవరు మారలేదు. మామగారు రాత్రి పడుకోబోయే ముందు, "జేబు?" అనేవారు. "నిండింది," అనేవారు అత్తగారు. ఇంట్లో దీపాలు ఆర్పడానికి అదే గుర్తు. నిజం చెప్పొద్దూ, ఆ ఇద్దరి మధ్యా అంతకన్నా ముద్దైన మాటలు నేను వినలేదు.

ఆ కవరు కింద ఆ పెట్టె చాలా ఏళ్ళు బతికింది. సెల్‌ఫోన్లు వచ్చాయి, వీధి చివర ఇంటర్నెట్టు దుకాణం వచ్చింది, అర్జీలు రాయించుకునేవాళ్ళు తగ్గారు. తగ్గినా మామగారు రోజూ పొద్దున్నే దాన్ని తెరిచి, ఏదో ఒకటి కొట్టేవారు. చివరికి కళ్ళు బొత్తిగా ఆనకపోయేసరికి, ఇంక తనకెందుకని దాన్ని సేటుగారి దుకాణానికి తిరిగి పంపేశారు. కవరు మాత్రం అత్తగారు ఇవ్వలేదు. "మిషను వాళ్ళది, కవరు మనది," అన్నారు. ఎవరం ఎంత చెప్పినా వినలేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ అది బీరువా మీద, లోపల ఏమీ లేకుండా, అట్టల బలంతో నిటారుగా నిలబడే ఉండేది. చూసినవాళ్ళతో, "నా కవరు దాటి ఒక్క నలుసు లోపలికి పోలేదు," అని చెప్పుకునేవారు.

ఆ రోజు మనవరాలి ఫోను పెట్టేశాక, ఇప్పటికీ మా బీరువా మీదే ఉన్న ఆ కవరు దించి తుడుచుకుని బేగంబజార్ వెళ్ళాను. సేటుగారి మనవరాలు ఎదురొచ్చి, కవరు చూసి చేతులు చెంపలకి ఆనించుకుంది. "ఎంత మంచిగున్నది ఆంటీ! కానీ ఇది నడుస్తలేదు, ఉత్త షో కోసమే. వైర్ గూడ లేదు దీనికి," అంది. ఆ మాటతో నా చెయ్యి దానంతటదే కవరు వెనక జేబు మీదికి పోయింది. గుండీ తీశాను. వైరు చుట్టచుట్టుకుని అక్కడే ఉంది, మామగారు ఆఖరిసారి పెట్టినట్టే. ఇన్నేళ్ళూ మిషను బేగంబజార్‌లో, దాని వైరు మా ఇంట్లో. ఇద్దరం కాసేపు నవ్వుకుని, అటూ ఇటూ తగిలించి మీట నొక్కాం. తెర వెలగలేదు. ఫ్యాను మాత్రం ఒకసారి దగ్గినట్టు ఆగి, గరగరమని తిరిగింది. వెనక జాలీలోంచి ఏదో ఎగిరొచ్చి నా చీర మీద పడింది.

ఎండుగడ్డి పోచ. "అయ్యో, కచరా పడ్డది ఆంటీ," అని ఆ పిల్ల దులపబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. వేళ్ళ మధ్య పట్టుకుని చూస్తుంటే పాలవాసన వచ్చినట్టే అనిపించింది, నా భ్రమే కావచ్చు. మనసు నిండిపోయింది నాకు. ప్లగ్గు పీకి, వైరు చుట్టి జేబులో పెట్టి, దాంతోబాటే ఆ పోచనీ పెట్టి, గుండీ పెట్టి, కవరు దించాను. అతికినట్టు సరిపోయింది. గౌలిపురలో ఆ మేడ ఇప్పుడు లేదు, కొట్టం లేదు, పోపు సంగతి అడిగే మనిషి లేరు, జేబు నిండిందని జవాబు చెప్పే మనిషీ లేరు. అన్నిటినీ కాలం తుడిచిపెట్టుకుపోయింది, లోపలికి మాత్రం రానివ్వకూడదని ఇంటిల్లిపాదీ కాపలా కాసిన ఆ ఒక్క గడ్డిపోచని తప్ప.